పొలిమేర దాటేదాక

కరీంనగర్ల ఒక పెద్దాస్పత్రి. పేరెందుకు గని, నాలుగో అంతస్తుల ఐసీయూ తలుపు ముందర పొడుగాటి వరండా ఉంటది. అక్కడ సాపలు పరుసుకోని పండుకున్నోళ్లను సూస్తే ఒక ఊరు ఊరే లేసొచ్చినట్టు ఉంటది. టిఫిన్ డబ్బాలు, దుప్పట్లు, చార్జింగు వైర్లు, పులిహోర వాసన, దాని మీదికెంచి ఫినాయిల్ వాసన. పొద్దున ఏడింటికి ఒకాయన "ఎవల మనిషి, ఎవల మనిషి" అనుకుంట చీటీలు పంచుతడు. చీటీ పట్టుకోని కింద కౌంటర్ కాడికి పోవాలె. పోయొచ్చినోళ్ల మొఖాలు సూస్తే లోపటున్నోళ్ల కన్న వీళ్లకే బీమారున్నట్టు కొడుతది.

రాయమల్లు గా వరండాల పందొమ్మిది దినాలు ఉన్నడు. ఆయనది బోథ్ ఇవతల ఒక ఊరు. రెండెకరాల పత్తి చేను, ఒక బోరు, జత ఎడ్లు, పెండ్లాం బాలలక్ష్మి. ఆయనకున్నది అంతే. లోపట మిషన్ మీద పండుకున్నది ఆయన తండ్రి బుచ్చిరాములు. ఎనభై రెండేండ్ల మనిషి, చేన్ల పత్తి ఏరుకుంట ఏరుకుంట పక్షవాతం కొట్టి సాళ్లల్ల పడ్డడు.

బుచ్చిరాములు నోరు మంచిది గాదు, మాట మటుకు కరెక్టు. ఇంట్ల కోడలిని బాలలక్ష్మీ అని పేరువెట్టి పిలిచేది ఆయనొక్కడే. పోయినేడు పక్కింటి ముసలాయన్ని నలభై దినాలు పైపుల మీద పెట్టి, ఇల్లమ్మి, ఆఖరికి మూటగట్టి తెచ్చిండ్రు. అది సూసి బుచ్చిరాములు కొడుకులిద్దర్ని అరుగు కాడికి పిలిచిండు. "ఇనుండ్రిరా. పండిన చేనుకు ఎవడన్న నీళ్లు పెడుతడా? నాకు పైపులు పెట్టద్దు. నా మంచం మీద నన్ను పోనియ్యుండ్రి. నా కోసం భూమి అమ్మిండ్రంటే మీ అంత గాడిదిలు లేరు" అన్నడు. ఇద్దరు తలకాయలూపిండ్రు. తలకాయ ఊపుడుకు ఏం పోతది? గంగిరెద్దు గూడ ఊపుతది.

చిన్నోడు సాయిచంద్ కరీంనగర్ల ప్లాట్లమ్ముతడు. తెల్లంగి, మెడల లావు గొలుసు, చేతుల రెండు ఫోన్లు. సొంతూర్ల సర్పంచ్ ఎలక్షన్ల నిలవడ్డడు. బాపు పడ్డడని తెల్వంగనే బండి తోలుకొచ్చి, తీస్కపోయి ఐసీయూల ఏసి, "మా బాపు కోసం ఎంతయినా పెడ్త" అని వరండా అంత ఇనేటట్టు ఒర్రిండు. మంచిగున్న దినాలల్ల బాపుకు ఒక్క బీపీ గోలి కొనియ్యనోడు! సచ్చిన బర్రెకు పాలెక్కువ అంటరు, గిదే. రోజు లోపటికి పోయి, బాపు చెయ్యి పట్టుకోని ఫొటో దిగి, స్టేటస్ పెట్టేటోడు. థూ, గిది గూడ ఒక బతుకేనా?

బుచ్చిరాములుకు నాలుగెకరాలుండె. కొడుకులకు చెరి రెండు పంచిచ్చిండు. సాయిచంద్ తన రెండెకరాలు అమ్మి మిషన్ కు పెట్టిండు. పత్తి ఒక పంటంత మిషన్ రెండు దినాలల్ల మింగుతది. పందొమ్మిదో దినానికి చిన్నోని వాటా ఒడిసిపోయింది.

"అన్నా, ఇగ నీ వంతు. నీ రెండెకరాలు తియ్యి" అన్నడు సాయిచంద్.

"అవి గూడ పోతే మేమేం తినాలె తమ్మి?"

"బాపు కంటె ఎక్కువనా?"

గా ఒక్క మాట చాలు మనోళ్ల నోరు మూయించుడానికి. మంచోడు గూడ నోరు మూసుకుంటడు, లంగదొంగ గూడ గదే మాట వాడుకుంటడు. రాయమల్లు పోయి పెద్ద డాక్టర్ను అడిగిండు, "సారూ, మా బాపు బతుకుతడా?" అని. "ఏం చెప్పలేం. మా ప్రయత్నం మేం చేస్తున్నం. పైన దేవుడున్నడు" అన్నడాయన. పైన దేవుడుంటే మరి కింద కౌంటర్ ఎందుకో!

నిజం చెప్పింది రిబ్కమ్మ ఒక్కతే. ఐసీయూల ఆయా ఆమె. ప్రతి ఆదివారం డ్యూటీ కంటె ముందు మెథడిస్టు చర్చికి పోయొచ్చే మనిషి. డాక్టర్ల కంటె ఎక్కువ సావులు సూసిన కండ్లు. గా పందొమ్మిదో దినం సాయంత్రం నాలుగింటికి రాయమల్లును మెట్ల కాడికి పిలిచింది.

"రాయమల్లన్నా, మీ బాపు ఇప్పుడే పోయిండు."

"ఛాతి ఆడుతుంది గద చెల్లే?"

"అది మిషన్ ఆడిస్తుంది. రబ్బరు బొమ్మకు పెట్టినా గట్లనే ఆడుతది. గుండె గీత సాపుగయింది, నా కండ్లతోటి సూసిన." ఆమె గొంతు తగ్గిచ్చింది. "పైపు తీపిచ్చి, మొఖం కడిగి తీస్కపో. పోయినోనికి గాలి కొట్టనియ్యకు అన్నా. ఆగినదాన్ని ఆగనియ్యాలె."

రాయమల్లు కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. ఏడుపు కన్న ముందు ఒకటే మాట మనసుల మెదిలింది, రెండెకరాలు దక్కినయ్ అని. అనుకున్నందుకు ఆయన మీద ఆయనకే అసహ్యమయింది. అసహ్యమెందుకు? గది ఆయన బాపు కోరుకున్నదే గద!

ఈ సంగతి చెప్పుదామని తమ్ముని కాడికి పోతే, సాయిచంద్ అప్పటికే కౌంటర్ కాడ ఇంకో కథ నడిపిస్తుండు. వాళ్ల ఊర్ల ఒక రివాజున్నది. బయట పానం పోయిన మనిషిని పొలిమేర లోపటికి రానియ్యరు. అక్కడ్నే దించి, అటునుంచి అటే కాటికి. ఇంటి ముందర పండవెట్టుడు లేదు, నలుగురొచ్చి సూసుడు లేదు. కొనూపిరి మీదున్నా సరే, లోపటికి వస్తే మటుకు అన్ని మర్యాదలు జరుగుతయ్. ఎలక్షన్ తొమ్మిది దినాలల్ల ఉండె. తండ్రి పీనుగ పొలిమేర కాడ ఆగిపోతే సాయిచంద్ కు ఏం ఫాయిద?

"ఫికర్ చెయ్యకుండ్రి, ఊపిరితోటే పంపిస్తం" అన్నడు కౌంటర్ ఆయన, పెండ్లికి బ్యాండు మాట్లాడినట్టు. "చాలమంది గిట్లనే తీస్కపోతరు. గాలి తిత్తి ఇస్తం. ఒకలు కూసోని వత్తుకుంట పోతే, ఇల్లు చేరేదాక ఛాతి ఆడుతది."

"తమ్మి, బాపు పోయిండంట" అన్నడు రాయమల్లు మెల్లగ.

సాయిచంద్ చెవిల గొణిగిండు. "తెలుసు. నువ్వు నోరు ముయ్యి. నలుగుర్ల ఇజ్జత్ కావాల్నా వద్దా? నీ భూమి నీకుంటది, పో. పొలిమేర దాటేదాక వత్తు, చాలు."

చూసిండ్రా, ఎట్ల కొన్నడో! రాయమల్లు మంచోడే, కాదనను. మంచితనం ఉండి ఎన్నెముక లేకుంటే ఏం లాభం? ఒప్పుకున్నడు.

*

అంబులెన్సు కదిలేసరికి ఐదు దాటింది. ముందట డ్రైవర్ పక్కన సాయిచంద్. ఎనక రాయమల్లు ఒక్కడే, బాపు తలాపున. గాలి తిత్తి అంటే ఏం లేదు, కమ్మరోని కొలిమి తిత్తి లెక్కనే, రబ్బరుది, గుమ్మడికాయంత. దాని మూతి బాపు నోట్లున్న పైపుకు తగిలిచ్చిండ్రు. "వత్తు. నాలుగంకెలు లెక్కవెట్టు. మల్ల వత్తు" అని చూపిచ్చి, వాళ్ల మనిషి గేటు కాన్నే దిగిపోయిండు.

వత్తిండు. ఛాతి లేసింది. ఇడిసిండు. హుస్స్ మని గాలి బయటికొచ్చి, ఛాతి పడ్డది. ఒకటి, రెండు, మూడు, నాలుగు.

జగిత్యాల దాటంగ పొద్దుగూకింది. కోరుట్ల కాడ చలి మొదలయింది. అద్దాలకు నల్ల కాగితం అతికిచ్చిండ్రు, బయట ఏముందో కనవడది. నెత్తిమీద చిన్న నీలం బుగ్గలైటు ఒకటి వెలుగుతుంది. స్పిరిట్ వాసన, పాత పట్టీల వాసన, ఉచ్చ వాసన. ముందటికెంచి సాయిచంద్ ఫోన్ల మాటలు, "టెంటు ఎయ్యుండ్రి... కుర్చీలు రెండొందలు... మైకు మర్సిపోకుండ్రి." బాపు కండ్లకు పట్టీ అతికేసి ఉన్నది. చెయ్యి ముట్టుకుంటే బోరు పైపు లెక్క సల్లగున్నది. రాయమల్లు ముట్టుకునుడు బంద్ చేసిండు.

మెట్‌పల్లి దాటినంక వాసన మారింది. ముందు ఆయనకు సమజ్ కాలే. తర్వాత గుర్తు వట్టిండు. సుట్ట వాసన... బాపు తాగే సుట్ట. డ్రైవర్ తాగుతుండనుకున్నడు. తొంగి సూస్తే డ్రైవర్ నోట్ల ఏం లేదు. వాసన ముందటికెంచి వస్తలేదు. వత్తినప్పుడల్ల, ఇడిసినప్పుడల్ల, పైపుల నుంచి వస్తుంది.

వత్తిండు. ఇడిసిండు. గాలి హుస్స్ మనలే.

"సి..." అన్నది.

రాయమల్లు చెయ్యి ఆగింది. మోరీల మీద టైర్లు దడదడ కొట్టినయ్. గొంతుల పైపున్నోడు మాట్లాడలేడని డాక్టరే చెప్పిండు. రోడ్డు సప్పుడు అనుకున్నడు. మల్ల వత్తిండు.

"గ్గు..."

వత్తిండు.

"లే..."

వత్తిండు.

"దా..."

చేతులకు చెమట పట్టింది. గంత చలిల చెమట. ఇడిసిపెడుదామంటే వేళ్లు రాలే. ఊపిరికి ఒక్క తునుక, ఊపిరికి ఒక్క తునుక... తను వత్తితేనే మాట వస్తుంది. వత్తకుంటే అంత నిశ్శబ్దం. గా నిశ్శబ్దం మాట కన్న భయంగున్నది. అందుకని వత్తిండు. ఏమంటడో ఇనేదాక వత్తిండు.

"ఎన... భై... ఏం... డ్లు... పుక్... కటికి... పీల్... చిన..." అని వచ్చింది. తర్వాత పొడుగాటి ఊపిరి ఒకటి. "గా... లిని... భూ... మమ్మి... కొం... టి... రా..."

"బాపు..." అని గుసగుసలాడిండు రాయమల్లు. "నేను గాదు బాపు... తమ్ముడు..."

"నీ... చే... తులే... గద..."

నిజమే. తిత్తి మీదున్నయి ఆయన చేతులే. 

సోన్ కాడ గోదావరి దాటిండ్రు. వంతెన మీద గాలి అంబులెన్సును ఊపింది. బాపు కంటి పట్టీ ఒక మూల లేసింది. రాయమల్లు అటు సూడలే.

"తి... య్యి... రా..."

"జర ఆగు బాపు. జర ఆగు. పొలిమేర దాటనీ. నలుగుర్ల ఇజ్జత్ పోతది."

"ఇ... జ్జ... త్..." అన్నది ఊపిరి. గా మాట మీద ఎంత ఎగతాళి! తర్వాత ఊపిరి థూ అన్నట్టు వచ్చింది. రాయమల్లు చెంప మీద ఏదో పడ్డది. తుడుసుకున్నడు. తడి. పొగాకు తడి. నోరు నిండ పైపున్న మనిషి ఎట్ల ఉమ్ముతడు? ఎట్ల?

నిర్మల్ దాటి ఘాట్ ఎక్కుతుంటే ఇంకోసారి వచ్చింది. "తియ్యి." ఈసారి తునుకలు గాదు, ఒక్క ఊపిరికి పూర మాట. రాయమల్లు ఏడ్చుకుంట తలకాయ అడ్డం ఊపిండు. ముందట సాయిచంద్ ఫ్లెక్సీ కొలతలు చెప్తుండు ఎవలకో, "పది బై ఎనిమిది, బాపుది పెద్దగ, నాది పక్కన" అని. గీని ఫ్లెక్సీ కోసం ఒక ముసలోడు సచ్చి గూడ సావకుంట, నూటెనభై కిలోమీటర్లు గాలి మింగుకుంట వస్తుండు.

ఊరి పొలిమేర కాడ బ్యాటరీ లైట్లు పట్టుకోని పదిమంది నిలవడ్డరు. ఊరి పెద్దమనిషి హనుమండ్లు చెయ్యెత్తి అంబులెన్సు ఆపిండు. అది గూడ రివాజే. తలుపు తీసి, లోపటికి రాకుండ, బయటి నుంచే అడుగుతరు. పక్కనున్న రక్తసంబంధం జవాబు చెప్పాలె.

తలుపు తియ్యకముందే, రాయమల్లు చేతుల కింద ఊపిరి మెత్తగ అన్నది. తిట్టినట్టు గాదు. బతిమాలినట్టు.

"పెద్దోడా... గిదే ఆఖరు... తియ్యి."

తలుపు తెరుసుకున్నది. లైట్లు మొఖం మీద పడ్డయ్. లైట్ల ఎనక ఊరోళ్ల కండ్లు. పక్కన సాయిచంద్ కండ్లు.

"రాయమల్లు, పానమున్నదా?" అని అడిగిండు హనుమండ్లు.

చేతులు తీస్తే అయిపోతుండె. ఒక్క మాట, 'లేదు' అంటే అయిపోతుండె. రాయమల్లు తిత్తిని ఇంక గట్టిగ వత్తిండు.

"ఉన్నది" అన్నడు.

అంబులెన్సు పొలిమేర దాటింది. చేతుల కింద ఊపిరి ఒక్కటే మాట అన్నది.

"సరే."

ఇగ తర్వాత ఏం మాట్లాడలే.

*

ఇంటి ముందర టెంటు ఏసిండ్రు. సాయిచంద్ మనుషులు ఆత్రపడి, బాపు రాకముందే శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కట్టేసిండ్రు. ముసలోన్ని 'ఊపిరితోటి' దాని కిందికెంచే మోసుకచ్చిండ్రు. గింత సిగ్గుమాలిన పని మీరెక్కడన్న సూసిండ్రా? ఎవలో నాలిక కరుసుకోని, ఉరికిపోయి, ఫ్లెక్సీని ఎనకకు తిప్పిండ్రు.

బుచ్చిరాములును వాకిట్ల సాప మీద పండవెట్టిండ్రు. బాలలక్ష్మి వచ్చి మామ కాళ్లు ముట్టుకోని, గభాల్న చెయ్యి గుంజుకున్నది. "గింత సల్లగున్నడేంది?" అన్నది.  సాయిచంద్ మోకాళ్ల మీద కూసున్నడు. ఫోన్లు లేసినయ్. ఏడుపు గొంతుల దాక తెచ్చుకోని, "బాపూ, ఇగ సెలవా బాపూ" అని, రాయమల్లు చేతులల్లకెంచి తిత్తి పీకి పక్కకు పెట్టిండు. ఆడోళ్లు ఏడుపందుకున్నరు.

ఛాతి లేసింది.

పడ్డది.

మల్ల లేసింది.

ఏడుపులు ఒక్కొక్కటే ఆగినయ్. హనుమండ్లు దగ్గరికొచ్చి పైపు మూతి కాడ పత్తి తునుక పెట్టిండు. పత్తి ఊగింది. "ఉన్నడు" అన్నడు నోరు తెరిచి.

రాయమల్లు గోడకు ఒరిగి నిలవడ్డడు. గొంతు ఎండుకపోయి దగ్గొచ్చింది. దగ్గిండు. సాప మీద బాపు ఛాతి రెండుసార్లు ఎగిరింది. ఎవలు పట్టిచ్చుకోలే. రాయమల్లు పట్టిచ్చుకున్నడు. ఊపిరి బిగవట్టిండు. ఛాతి ఆగింది. ఆడోళ్లు గొల్లుమన్నరు. ఎంతసేపు బిగవడుతడు? ఇడిసిండు. ఛాతి లేసింది. "ఉన్నడు, ఉన్నడు!" అన్నరు. మల్ల బిగవట్టిండు. మల్ల గొల్లుమన్నరు. మల్ల ఇడిసిండు...

తన ఊపిరే. బాపు ఛాతిని ఆడిస్తున్నది తన ఊపిరే.

అప్పుడు ఆయన నిజంగ గట్టిగ అనుకున్నడు, ఈసారి ఇడువద్దని. ముక్కు నోరు చేతులతోటి మూసుకున్నడు. కండ్ల ముందట ఎర్రగ, తర్వాత నల్లగ అయింది.  ఆఖరికి ఒళ్లే ఆయన మాట ఇనలే, గాలి గుంజుకున్నది. సాప మీద ముసలోని ఛాతి పెద్దగ లేసింది.

"బాపు బతికిండు!" అని ఒర్రిండు సాయిచంద్. వాని మొఖంల సంతోషం కన్న పరేషాన్ ఎక్కువున్నది. రెండొందల కుర్చీలాయె మరి. గని సుట్టు ఊరంత ఉన్నది, ఫోన్లన్ని వాని మీదనే ఉన్నయ్. "మల్ల కరీంనగర్ తీస్కపోత. ఎంతయినా పెడ్త. అన్న రెండెకరాలు ఇంక ఉన్నయ్!"

"వద్దు!" రాయమల్లు ముందటికొచ్చిండు. "బాపు పోయిండు. నాలుగింటికే పోయిండు. ఆస్పత్రిల్నే చెప్పిండ్రు. పోనియ్యుండ్రి, మీ కాళ్లు మొక్కుత."

ఊరోళ్లు ఆయన్ని ఎట్ల సూసిండ్రో! పుణ్యానికి పోతే పాపం ఎదురైనట్టయింది. "రెండెకరాల మీద పానం వీనికి" అన్నరొకలు. "కన్నతండ్రి ఊపిరి పీల్చవట్టె, సచ్చిండంటడేంది?" అన్నరింకొకలు.

హనుమండ్లు ఆయన మొఖంలకు సూసిండు. "పొలిమేర కాడ నీ నోటితోని నువ్వే గదరా ఉన్నడన్నది? అప్పుడు అబద్ధమాడినవా, ఇప్పుడు ఆడుతున్నవా?"

 నలుగురి కోసం ఆడిన అబద్ధాన్ని ఆ నలుగురే తెచ్చి నోట్ల కుక్కిండ్రు. మంచిగయింది, నేనైతే గదే అంట. బాపు మూడుసార్లు అడుగుతే చెవిల పెట్టలే గదా!

"నేను రాను. నేను తిత్తి వత్తను. నా భూమి ఇయ్యను" అన్నడు.

"నువ్వు రాకుంటే మానె. నేను వత్తుకుంట" అన్నడు సాయిచంద్. ముసలోన్ని మల్ల అంబులెన్సుల ఎక్కిచ్చిండ్రు. తలుపు పడ్డది. ఎర్ర లైటు మలుపు తిరిగిపోయింది. ఊరోళ్లు రాయమల్లు దిక్కు సూడకుంట, వాకిట్ల ఉమ్మేసి, ఎవలిండ్లకు వాళ్లు పోయిండ్రు.

*

వాకిట్ల ఖాళీ కుర్చీలు. మంచం మీద రాయమల్లు. బాలలక్ష్మి చెంబుల నీళ్లు తెచ్చిచ్చింది. ఆమె తిట్టలే. "భూమి ఇయ్యనన్నవు, మంచిగ చేసినవు. మామ గూడ గదే అన్నడు" అన్నది.

ఆయన చెంబెత్తి తాగవోయిండు. గుటక నడిమిట్ల ఛాతి లేసింది. నీళ్లు ముక్కులకెక్కినయ్. దగ్గుదామన్నా దగ్గు రాలే. ఛాతి పడ్డది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. మల్ల లేసింది.

ఊపిరి బిగవట్టిండు. ఆగలే. ముక్కు నోరు మూసుకున్నడు. అయినా లోపటికెంచి ఛాతి ఉబ్బింది, చెవులు గుయ్యిమన్నయ్. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఇందాక బాపు ఊపిరి తన చేతులల్ల ఉండె. ఇప్పుడు తనది ఎవని చేతులల్లనో ఉన్నది.

"ఏమైంది? ఏమైంది నీకు?" బాలలక్ష్మి భుజాలు పట్టుకోని ఊపింది.

"తిత్తి..." అన్నడు. ఊపిరికొక్క మాట. "తమ్ముడు... వత్తుతుండు... నన్ను..."

అంతల్నే ఆగింది. ఛాతి పడ్డది, మల్ల లేవలే. అంబులెన్సు ఏ గుంతల పడ్డదో, సాయిచంద్ ఏ ఫోన్ ఎత్తిండో. రాయమల్లు పెదవులు నీలంగ అయినయ్. కండ్లు తేలేసిండు. బాలలక్ష్మికి సగం సమజయింది, సగం కాలే. గని ఆమె చేతులు ఆగలే. ఫోన్ తీసి మరిదికి కొట్టింది. ఒక్కసారి మోగింది. రెండోసారి మోగింది.

"హలో, చెప్పు వదినె. ఘాట్ దిగుతున్నం."

"సాయీ, తిత్తి ఇడిసినవా? వత్తు! వత్తు! మీ అన్న సచ్చిపోతుండు!"

 అవతల ఎనకకెంచి హుస్స్ మని సప్పుడు, ఆగుకుంట, మల్ల హుస్స్ మని.

"ఏం మాట్లాడుతున్నవ్ వదినె? నేను ముందట డ్రైవర్ పక్కకున్న. తిత్తి అన్ననే వత్తుతుండు గద. పొలిమేర కాడ చెయ్యి అడ్డంవెట్టి ఆపి ఎక్కిండు." సాయిచంద్ గొంతు తగ్గింది. "ఎక్కంగనే ఒక్కటే మాటన్నడు. రెండెకరాలు అమ్ము తమ్మి, ఎంతయినా పెట్టు, ఎప్పటికి ఆపద్దు అని. అప్పటిసంది గమ్మునున్నడు. ఏమైంది వదినె, ఏడుస్తున్నవా?"

ఫోన్ చెవుల్నే ఉన్నది. ఎనక మంచం కిర్రుమన్నది. ఊపిరి సప్పుడు ఇనవడ్డది... మంచిగ, నిమ్మళంగ, బీమారేమీ లేనోని లెక్క.

"బాలలక్ష్మీ, ఎవలు ఫోన్ల?" అన్నడు మంచం మీదున్నాయన.

ఆమె ఎనకకు తిరగలే. పెండ్లయి ఇరువై ఆరేండ్లాయె. రాయమల్లు ఆమెను పేరువెట్టి పిలిచింది ఒక్కనాడు లేదు.